సోమవారం మూతకూర

రెండో కోడి వీపు దగ్గర మాంసం వలుస్తూ ఎముకలక్క తన వేళ్లను మరోసారి వేడినీళ్ల గిన్నెలో ముంచి తీసింది. ముంచితే కాస్త ప్రాణం వస్తుందని ఆశ. ఎక్కడి ప్రాణం! చలికాలం మొదలైన దగ్గర్నుంచీ ఆ వేళ్ల కొసలు ఎవరివో తెచ్చి తగిలించినట్టే ఉన్నాయి. కిందటి వారం పొయ్యి మీది పళ్లెం పట్టుకుంటే, కాలిన వాసన ముక్కుకు తగిలాక గాని తన చర్మమేనని తెలియలేదు. అడిగినవాళ్లకు నూనె చిట్లిందని చెప్పింది.

అది ముసలివాళ్ల ఆశ్రమం. ముప్పైరెండు మంది ఉంటారు. ఆదివారం కోళ్లు రోస్ట్ చేస్తారు. పళ్లున్నవాళ్లు తింటారు, లేనివాళ్లు వాసన చూసి, బంగాళాదుంప మెదుపుకుని లేచిపోతారు. మిగిలిన కోళ్లు సోమవారం మధ్యాహ్నానికి చికెన్ పై అవుతాయి. బోర్డు మీద రాసేది ఆ పేరే గాని, కూర పైన మైదా రొట్టె మూతలా కప్పి కాలుస్తారు కాబట్టి అక్కడ అందరూ దాన్ని మూతకూర అనే అంటారు. ఆ మూతకూర ఇరవయ్యారేళ్లుగా ఈవిడ చేతిదే. మిగతా ఆరు రోజులూ ఉల్లిపాయలు తరిగే మనిషి, గిన్నెలు తోమే మనిషి. సోమవారం మాత్రం భోజనాల గదిలోంచి "ఇవాళ ఆవిడ వచ్చిందా?" అని అడుగుతారు. ఆ ఒక్క మాట కోసం జ్వరమొచ్చినా వచ్చేది.

పెళ్లయిన మూడో ఏట మొగుడు ఇంకొకామెతో కాపురం పెట్టాడు. వారం రోజులు ఏడ్చింది. ఎనిమిదో రోజు ఇక్కడ పనికి చేరింది. కూతుర్ని క్యారెట్ల గంపలో పడుకోబెట్టి, కాలితో గంపను ఊపుతూ, చేత్తో గిన్నెలు తోమింది. ఆ పిల్ల పెద్దదై, పెళ్లయి, రెండు బస్సుల దూరంలో కాపురముంటోంది. ఈవిడకు మిగిలింది ఒక గది, ఈ వంటిల్లు, ఈ సోమవారం.

ఎముకలక్క అన్న పేరు ఊరికే రాలేదు. చేరిన రెండో ఏడు, కూరలో మిగిలిపోయిన ఎముక ఒకటి ఒక ముసలామె గొంతులో అడ్డం పడింది. బతికింది గాని, కళ్లు తేలేసి గాలికోసం చేతులు కొట్టుకున్న ఆ మొహం ఈవిడ కళ్లముందునుంచి ఎప్పటికీ పోలేదు. అప్పటినుంచీ మాంసం వలిచాక ఎముకలు పారెయ్యదు. పెద్ద పళ్లెంలో కోడిని మళ్లీ పేరుస్తుంది. మెడ పూసలు మెడ దగ్గర, రెక్కలు రెక్కల దగ్గర, పక్కటెముకలు వరసగా. ఆమెకు లెక్కలు అంతంత మాత్రం. కోడి బొమ్మ మాత్రం బాగా తెలుసు. పళ్లెంలో కోడి నిండుగా పడుకుంటే కూర మంచిది. ఎక్కడైనా ఖాళీ కనిపిస్తే, ఆ ఎముక కూరలో ఉన్నట్టే.

మొదటి కోడి నిండుగా పడుకుంది. రెండోదాని ఎడమకాలి పక్కన ఖాళీ ఉంది.

కాలి ఎముకను అంటుకుని సూదిలాంటి సన్న ఎముక ఒకటుంటుంది. గొంతులో అడ్డం పడితే అదే పడుతుంది. ఆమె మాంసం మొత్తం బల్ల మీద పరిచి పోగు పోగుగా నలిపి చూసింది. ఒకప్పుడు కళ్లు మూసుకుని పట్టుకునేది. ఇప్పుడు మాంసమూ ఎముకా బల్లా అన్నీ ఒకటే మెత్తదనం. రెండోసారి చూసింది. మూడోసారి కళ్లజోడు తుడుచుకుని మరీ చూసింది.

"ఏమక్కా, కోడికి పేలు చూస్తున్నావా?" పెద్దవంటామె వెన్న తెస్తూ నవ్వింది. లావుపాటి మనిషి, ఈవిడకన్నా పదేళ్లు చిన్న. నోరు ఊరుకోదు, మనసు మంచిది.

"ఆ... అయిపోయింది."

"పదకొండవుతోంది తల్లీ. పన్నెండున్నరకి పెట్టకపోతే లోపలివాళ్లు నన్ను ఓవెన్లో పెడతారు."

"నువ్వు దూరితే దాని తలుపు పడదులేవే."

"ఓయబ్బో! ఎముకల పోగువి, నువ్వు నన్ననేదానివా!"

ఒక్క మాట చాలు. 'ఇలా వచ్చి ఒకసారి నువ్వు చూడు' అంటే చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఎందుకని అడుగుతుంది. చెబితే వచ్చే సోమవారం ఇంకెవరి చేతికో పోతుంది. ఎముకలక్క పళ్లెం వైపు చూసి, పెద్దవంటామె తిరిగేలోపు బొటనవేలితో ఆ కాలి ఎముకను పక్కకు జరిపింది. ఖాళీ పూడింది. కోడి నిండుగా కనిపించింది. వెంటనే ఎముకలన్నీ ఉల్లిపాయతో పాటు నీళ్లలో వేసి మరగబెట్టింది.

తర్వాత చేతులు వాటంతటవే పని చేశాయి. వెన్నలో మైదా వేయించి, ఎముకల రసమూ పాలూ పోసి గరిటె తిప్పింది. చిక్కబడ్డాక క్యారెట్, బఠానీ, మాంసం కలిపింది. వెడల్పు పళ్లేల్లో నింపి, చల్లటి పిండి ఒత్తి పైన కప్పింది. అంచులు ఫోర్కుతో నొక్కి, ఆవిరి పోవడానికి నడుమ చాకుతో గాటు పెట్టి, గుడ్డుసొన పూసింది. రంగు ఎప్పటిలాగే తేనెలా తిరిగింది. చూస్తే ఎవరైనా దణ్ణం పెట్టాలి, అంత ముచ్చటగా ఉంది.

ముక్కలు కోసి పెట్టిన ముప్పైరెండు భోజనం పళ్లేలు లోపలికి వెళ్లాయి. ఎముకలక్క వడ్డించే కిటికీ దగ్గర నిలబడి ఒక్కొక్క నోరే చూసింది. నమలడం, మింగడం. మళ్లీ ఇంకో నోరు.

మూడో బల్ల దగ్గర పోస్టాయన నమలడం ఆపాడు.

ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి, ఆయనకింకా సొంత పళ్లున్నాయి. నాలుకతో అటూ ఇటూ వెతికి, రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. రుమాల్లోకి చూశాడు. తలెత్తి నేరుగా కిటికీ వైపు చూశాడు. ఆయన రుమాలు మెల్లగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"బ్రహ్మాండంగా ఉందమ్మాయ్! ఇంకో ముక్క పడెయ్యి," అని గట్టిగా అరిచాడు.

పక్కనే ఉన్న టోపీ మామ్మ, నోట్లో ఒక్క పన్నూ లేని మనిషి, గుటుక్కున మింగి, "నీకు పళ్లున్నాయి కాబట్టి రెండు ముక్కలా? మాకు చిగుళ్లున్నవాళ్లకి నాలుగు పెట్టాలి," అంది. బల్లంతా నవ్వారు.

అందరూ లేచాక పోస్టాయన తన పళ్లెం తనే కిటికీ దగ్గరికి తెచ్చాడు.

"నేనెవరికీ చెప్పను," అన్నాడు మెల్లగా. "పొరపాటు ఎవరికైనా జరుగుతుంది."

"పొరపాటు కాదండీ. ఉందని తెలిసే పెట్టాను."

ఆయన చెయ్యి జేబులోని రుమాలు మీదికి వెళ్లింది.

"అది మామ్మగారి ముక్కలో పడుంటే?"

ఆయన పళ్లెం అక్కడ పెట్టి, కిటికీ అంచును రెండుసార్లు నిమిరి వెళ్లిపోయాడు. తిట్టుంటే బాగుండేది. పదిమందిలో ఆ ఎముక చూపించి పరువు తీసినా, ఏడ్చి, కాళ్లు పట్టుకుని, ఇక్కడే ఉండిపోయేది.

ఆమె పళ్లేలన్నీ తోమింది. అడుగంటిన చోట పీచుతో రుద్ది, తుడిచి, బోర్లించింది.

"వచ్చే వారం నుంచి కోళ్లు నువ్వే వలుచుకోవే," అంది పెద్దవంటామెతో. "ఎడమకాలి దగ్గర నిదానంగా చూసుకో. తొందరపడకు."

"ఏం, నీకేమైంది? మహారాణివి అయ్యావా?"

"నా వేళ్లు మొద్దుబారిపోయాయే. చలికాలం నుంచీ."

పెద్దవంటామె నవ్వబోయి ఆగింది. ఆ చేతులు పట్టుకుని తిప్పి చూసింది. కాలిన మచ్చల మీద తన వేలితో నొక్కింది. ఎముకలక్క మొహంలో ఏ కదలికా లేదు.

"అయ్యో పిచ్చిదానా," అంది. ఇంకేం అనాలో తోచక, "కూర్చో. టీ పెడతాను. తర్వాత మాట్లాడదాం," అంది.

టీ పోస్తుండగా ఆఫీసులోంచి పిలిచారు. రేపటి కూరగాయల సంగతి తేల్చి వచ్చేసరికి స్టూలు ఖాళీగా ఉంది. వెనక తలుపు దగ్గరగా వేసి ఉంది. దొడ్డివైపు వెళ్లిందేమో, ఇప్పుడే వస్తుంది అనుకుంది పెద్దవంటామె. చల్లారిపోతుందని టీ గ్లాసు మీద సాసరు బోర్లించింది.

సాయంత్రం దీపాలు వేసేటప్పటికీ ఆ గ్లాసు బల్ల మీద అలాగే ఉంది. తలుపు పక్క మేకుకి రోజూ వేలాడే ఎముకలక్క చేతిసంచీ లేదు. సాసరు లోపల పట్టిన ఆవిరి చుక్కలై, ఒక్కొక్కటే తిరిగి టీలోకి జారుతోంది.