గుర్తు కర్రలు

చిత్తడినేలలో పడవలు దింపే ర్యాంపుకి ఇంజినీరమ్మ ఆరుసార్లు ప్లాను గీసింది. గీసినప్పుడల్లా పక్షుల ఆఫీసరు అక్కడ గూళ్లున్నాయంటూ అడ్డం పడ్డాడు. ఏడోసారి గూడన్నదే లేని చోటు వెతికి, గుర్తుకి నాలుగు కర్రలు పాతించి, హమ్మయ్య అనుకుంది.

వారం తిరిగేసరికి ఓ నీటికోడి ఆ కర్రలనే ఆసరా చేసుకుని గూడు కట్టేసి, గుడ్ల మీద దర్జాగా కూర్చుంది.

ఆఫీసరు నోరు తెరవబోయాడు.

"మీరేం చెప్పక్కర్లేదు, నాకూ కళ్లున్నాయి!" అంటూ ఇంజినీరమ్మ ప్లాను చుట్టేసింది.

పడవ నడిపే పెద్దాయన గడ్డం గోక్కున్నాడు. "ఈసారి ముందు మనకి అక్కర్లేని చోట కర్రలు పాతించమ్మా. పక్షులు అక్కడ కాపురం పెట్టాక మన ర్యాంపు సంగతి చూద్దాం."

ఏడు ప్లాన్ల తర్వాత మొదటిసారి ఆఫీసరు, ఆ కర్రలకి అనుమతిస్తూ, సంతకానికి పెన్ను తీశాడు.