చెక్క గరిటె

ఏటా జరిగే అద్దె ఇళ్ల తనిఖీకి మునిసిపాలిటీ ఇన్‌స్పెక్టరు వస్తే, ఓనరమ్మ గుండె చిక్కబట్టుకుని ఆయన వెనకే నడిచింది.

"ఇంట్లో ఇబ్బందులేమైనా ఉన్నాయామ్మా?" అని అద్దెకున్న అమ్మాయిని అడిగాడాయన.

"అబ్బే, ఏమీ లేవండీ. మా ఓనరు పిన్నిగారు బంగారం," అంటూనే ఆ అమ్మాయి స్నానాలగది చూపిద్దామని గూట్లోని చెక్క గరిటె తీసి, దాంతో అక్కడి లైటు స్విచ్చి నొక్కింది. అలవాటైపోయిన పని కదా, చేసినట్టు ఆమెకే తెలియలేదు.

ఇన్‌స్పెక్టరు గరిటె వంక చూశాడు. "చేత్తో వేస్తే షాకు కొడుతుందా?"

అమ్మాయి గరిటెను గబుక్కున వెనక్కి దాచుకుంది.

"చేతులు తుడుచుకుని వేసుకోవే," అని అప్పట్లో తాను నవ్వేసిన సంగతి ఓనరమ్మకు గుర్తొచ్చింది. ఆ తర్వాత ఈ పిల్ల మళ్ళీ నోరు విప్పనేలేదు; ఈయన రాకపోతే ఈ గరిటె తన కంటపడేదే కాదు. తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"కొడుతుందండీ," అంది ఓనరమ్మ. "నాకెప్పుడో చెప్పింది."