పిగిలిపిట్ట కాలికి దారం

జనవరి ఒకటిన పొద్దున్నే మా ముగ్గురి వాట్సాప్ గ్రూపులో అశ్వత్థనారాయణ ఫోటో పెట్టాడు. ద్రాక్షతీగ మీద పిగిలిపిట్ట, రెక్కలు విప్పి, తోక కింద ఎరుపు కనిపిస్తూ. పైన కన్నడంలో కొత్త సంవత్సరం శుభాకాంక్షలు.

మేం చింతామణి కాలేజీలో కలిసి చదువుకున్నాం. ఇప్పుడు నేను చిక్కబళ్ళాపురంలో, మంజుశ్రీ బాగేపల్లిలో, అతను నందిలో. రోజూ ఒక నమస్కారం, పెరట్లో వాలిన ఒక పిట్ట, పేపర్లో చదివిన ఒక వార్త. ఇంతే మా స్నేహం. ఈ కొత్త సంవత్సరానికి ఎవరో చేసిన బొమ్మలు వద్దని, ఎవరి చోటి పిట్టను వాళ్ళే ఫోటో తీసి పంపాలని నియమం పెట్టింది నేనే.

"అబ్బా, డాన్సు చేస్తాండాదే!" అని రాసింది మంజుశ్రీ.

నాకు ఆ రెక్కలు నచ్చలేదు. ఒకటి పైకి, ఒకటి పక్కకు ఒరిగి ఉంది. ఫోటోను వేళ్ళతో పెద్దది చేశాను. కాలి చుట్టూ నీలం దారం. పిట్టలు పండ్లు తినకుండా ద్రాక్షతోట మీద పరిచే వల దారం అది.

వెంటనే అశ్వత్థనారాయణకు ఫోన్ చేశాను. "అది వలలో చిక్కుకుండాది కదప్పా!"

"అవునమ్మా. కదలకుండా ఫోటో తీయనిచ్చే పిట్ట నాకు యాడ దొరకాల? పిట్టే కావాలంటివి నువ్వే కదా."

"తీసినాక విడిపించినావా?"

"దినానికి పదో పన్నెండో పడతాండాయి. అన్నిట్నీ విడిపిస్తా కూచుంటే పండ్లు కోసేదెవరు? నీకుండేది ఒక దానిమ్మ చెట్టు. పిట్టలకే వదిలేసి పుణ్యం కట్టుకో. నాకు రెండెకరాల తోట."

"బతికుండాదా?"

"ఇందాక కొట్టుకుంటా ఉండె."

ముందురోజు ఇతనే, ఎక్కడో గూళ్ళున్న చెట్టును నరికేశారన్న వార్త పంపి, "వీళ్ళు మనుషులేనా" అని రాశాడు. నేను దానికి చేతులు జోడించిన బొమ్మ పెట్టాను. అది గుర్తొచ్చి ఒళ్ళు మండింది. సంచిలో కత్తెర వేసుకుని నంది బస్సెక్కాను.

దారంతా అతనికి చెప్పాల్సిన మాటలు కూర్చుకుంటూ పోయాను. ఒకదాన్ని మించి ఒకటి పదునుగా వస్తున్నాయి. నంది దగ్గర పడ్డాక గమనించాను, చాలాసేపటి నుంచి వాటిలో పిట్ట లేదు.

"రామ్మా, పక్షుల ఇన్‌స్పెక్టరూ!" అన్నాడు అశ్వత్థనారాయణ గేటు తీస్తూ.

నేరుగా తోటలోకి నడిచాను. మూడో వరసలో పిట్ట తలకిందులుగా వేలాడుతోంది. కన్ను తెరిచే ఉంది. గుప్పిట్లోకి తీసుకుంటే దాని గుండె నా అరచేతిని కొట్టింది. కత్తెర పెట్టి చుట్టూ వలను కత్తిరించాను.

"ఓయమ్మా, కొత్త వల! అంత బొక్కా?"

"నోరు మూసుకోప్పా. మనుషులేనా అని నిన్న రాస్తివే, ఎవర్ని రాస్తివి?"

అరచెయ్యి విప్పాను. పిట్ట నా వేలిని పొడిచి, కంచె దాటి, కొండ వైపు వెళ్ళిపోయింది. అతనిచ్చిన కాఫీ తాగకుండానే వచ్చేశాను.

తిరుగు బస్సులో ఫోన్ మోగింది. గ్రూపులో కొత్త ఫోటో. నా అరచేతిలో పిట్ట. "మా శశికళ చేసిన పుణ్యం. హ్యాపీ న్యూ ఇయర్." ఎప్పుడు తీశాడో నాకు తెలియదు. కింద మంజుశ్రీ పెట్టిన గుండె బొమ్మల వరస. ఒకే పిట్టతో రెండుసార్లు శుభాకాంక్షలు చెప్పుకున్నాడు! సిగ్గులేని మనిషి అనుకున్నాను.

ఫోటోను పెద్దది చేశాను. ముందు చూసుకున్నది నా ముఖాన్ని. కోపం నాకు బాగానే నప్పింది. జుట్టు కొంచెం చెదిరింది. అలా ఎంతసేపు చూసుకున్నానో! ఆ తర్వాతే వేలు పిట్ట మీదికి జరిగింది.

కాలికి నీలం దారం అలాగే ఉంది. రెండు చుట్లు, బిగుసుకుని. నేను తెంపింది వలను మాత్రమే.

"కాలికి దారం ఇంకా ఉండాది" అని గ్రూపులో రాశాను.

"ఉండనీలేమ్మా, ఎగిరిపాయె కదా" అని మంజుశ్రీ జవాబు. దాని పక్కన ఇంకో గుండె.

బస్సు చిక్కబళ్ళాపురంలో ఆగింది. అందరూ దిగిపోయారు.

"దిగమ్మా" అన్నాడు కండక్టర్.

"ఇది మళ్ళా నందికి పోతుందాప్పా?" అని సంచిలో కత్తెర తడుముకుంటూ అడిగాను.