నాలుగో కుర్చీ అవునంది

షెల్బీ అన్నిటికంటే ఎక్కువ భయపడేది ఒక్కదానికే. తన కొడుకు వేలన్ పెద్దవాడయ్యాక, నేరం చేసినా చేయకపోయినా, కోర్టులో పన్నెండు మంది ముందు నిలబడాల్సి వస్తే, ఆ పన్నెండు మందిలో తనలాంటిది ఒకతి కూర్చుని ఉంటుందేమోనని.

వేలన్‌కి ఇంకా రెండేళ్లు నిండలేదు. "వాడికి సరిగ్గా మాటలే రాలేదు, అప్పుడే బోనెక్కించేశావా?" అని జోలీన్ నవ్వుతుంది. జోలీన్ ఆమె పెదనాన్న కూతురు. పగలు వేలన్‌ని చూసుకుంటుంది, సాయంత్రం ఐదింటికి వృద్ధాశ్రమంలో డ్యూటీకి పోతుంది. నవ్వితే నవ్వనీ. ఆ కుర్చీలో కూర్చున్నది జోలీన్ కాదు కదా.

తీర్పు చెప్పే పన్నెండు మందిలో, అంటే జ్యూరీలో, కూర్చోమని కోర్టు నుంచి పిలుపు వచ్చినప్పుడు షెల్బీ లోలోపల కాస్త పొంగిపోయింది కూడా. పదకొండో తరగతి మధ్యలో కడుపుతో బడి మానేసిన పిల్లని ఎవరూ ఏ విషయంలోనూ నీ అభిప్రాయం ఏమిటని అడగరు. అలాంటిది ప్రభుత్వమే పిలిచి, కుర్చీ వేసి, ఈ మనిషి సంగతి నువ్వు చెప్పు అంటోంది. పెళ్లిళ్లకి దాచుకున్న నీలం గౌను వేసుకుని వెళ్లింది. ఆమెకి నాలుగో కుర్చీ ఇచ్చారు.

ముద్దాయి పేరు కోడీ మెసర్. కొండ సందులో, రేకుల ఇంట్లో తల్లితో ఉంటాడు. కంచె తగాదా మనసులో పెట్టుకుని పక్క రైతు గడ్డి కొట్టానికి నిప్పు పెట్టాడని కేసు. చూసినవాళ్లు లేరు. రోడ్డు పక్కనుండే ఒకావిడ మాత్రం, చీకటి పడే వేళ కోడీ ట్రక్కు అటు పోవడం విన్నానని చెప్పింది. రంగు కనపడలేదట, చప్పుడు పట్టి గుర్తుపట్టిందట. కోడీ సాక్ష్యం చెప్పడానికి లేవలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, చర్చిలో కూర్చున్న పిల్లాడిలా కూర్చున్నాడు.

లోపలికి పంపే ముందు జడ్జి గారు నెమ్మదిగా చెప్పారు. నోరు విప్పకుండా ఉండడం అతని హక్కు, దాన్ని అతని తప్పుగా లెక్కేయకూడదు. నిరూపించాల్సింది ప్రభుత్వం, అతను ఏదీ నిరూపించక్కర్లేదు. మనసులో న్యాయమైన అనుమానం మిగిలితే వదిలేయాలి. అటైనా ఇటైనా పన్నెండు మందీ ఒక్క మాట మీదకి రావాలి.

షెల్బీకి అదంతా అర్థమైంది. అర్థం కాకపోయి ఉంటే ఈరోజు ఇంత బాధ ఉండేది కాదు.

జ్యూరీ గదిలో అందరూ కలిసి ప్రూయిట్ టీచర్ని పెద్దగా పెట్టుకున్నారు. ఆవిడ ఊళ్లో పెద్ద బడిలో రాజ్యాంగం పాఠాలు చెప్పి రిటైరైంది. ఆవిడ పక్కన దాణా కొట్టు హార్లన్.

"ఏం చేయనివాడైతే లేచి చేయలేదని చెప్పొచ్చుగా," అన్నాడు హార్లన్. "నేనైతే కుర్చీ విరగ్గొట్టి మరీ చెప్పేవాణ్ణి."

"నువ్వు అన్నం ఆలస్యమైనా కుర్చీలు విరగ్గొడతావులే," అంది టీచర్. అందరూ నవ్వారు.

"అది లెక్కలోకి తీసుకోవద్దన్నారు కదండీ జడ్జి గారు," అంది షెల్బీ.

"తీసుకోవట్లేదమ్మాయ్. ఊరికే అంటున్నా."

ఊరికే అన్న మాటలే గదంతా పేరుకుంటూ పోయాయి. మధ్యాహ్నం కాఫీ చల్లారే సరికి నేరస్థుడు అంటూ చేయి ఎత్తనిది షెల్బీ ఒక్కతే.

"మా అన్న ట్రక్కూ అదే చప్పుడు చేస్తుంది," అంది ఆమె. "మా వైపు సైలెన్సర్ తుప్పు పట్టని బండి ఏదండీ? మా అన్నది వచ్చినప్పుడు నేనే చాలాసార్లు వేరేవాళ్లదనుకుని తలుపు తీయడానికి లేవను."

"మీ అన్నకి ఆ రైతుతో తగాదా ఉందా?" అన్నాడు హార్లన్.

"లేదు."

"మరి?"

ఆ మరికి ఆమె దగ్గర జవాబు ఉంది. తగాదా ఉన్నవాడల్లా అగ్గిపుల్ల గీయడని, గీశాడేమో అనుకోవడం వేరు, గీశాడని తెలియడం వేరని. మనసులో అంత స్పష్టంగా ఉన్నది నాలుక మీదకొచ్చేసరికి ముద్దగా అయిపోయింది. చదువుకున్నవాళ్ల మధ్య ఆమెకి ఎప్పుడూ అంతే.

టీచర్ పక్కకి వచ్చి కూర్చుంది. తన సంచిలోంచి బిస్కెట్లు తీసి ఇచ్చింది కూడా. "షెల్బీ, నేను క్లాసులో జ్యూరీ గురించి చెప్పింది గుర్తుందా?"

"ఆ పాఠం వచ్చేసరికి నేను లేను టీచర్."

ఆవిడ ముఖం మెత్తబడింది. "అవును కదూ. సరే, ఇప్పుడు విను. ఒక్కళ్లు ఆగితే ఆగొచ్చు, అది నీ హక్కు. కానీ ఎందుకాగావో చెప్పాలి. కారణం చెప్పు, వింటాం. మాకేం తొందర లేదు."

నిజంగానే వాళ్లకి తొందర లేదు. తొందరంతా షెల్బీదే. పొద్దున బయల్దేరేటప్పుడు వేలన్ కుక్కపిల్ల మొరిగినట్టు దగ్గాడు. ఐదింటికి జోలీన్ వెళ్లిపోవాలి. తేలకపోతే భోజనం తెప్పిస్తామని, చీకటి పడ్డా కూర్చోవాల్సి రావొచ్చని ముందే చెప్పారు. ఫోన్లన్నీ తలుపు బయట బంట్రోతు బుట్టలో ఉన్నాయి. నాకు ఇంటికెళ్లాలి, పిల్లాడికి బాగాలేదు అని చెప్పడానికి సిగ్గేసింది. ఒక మనిషి బతుకు బల్ల మీద ఉంటే దగ్గు గురించి ఎలా అడుగుతాం? అడగడానికి సిగ్గుపడింది గానీ, ఆ దగ్గు కోసం ఆ మనిషిని జైలుపాలు చేయడానికి సిగ్గుపడలేదు.

"సరే," అంది.

"సరే అంటే?" అంది టీచర్.

"మీతో పాటే."

కుర్చీలన్నీ ఒక్కసారి వెనక్కి జరిగాయి. హార్లన్ టోపీ తీసుకున్నాడు.

కోర్టు హాల్లో టీచర్ తీర్పు చదివింది. అంతటితో అయిపోతుందనుకుంది షెల్బీ. కానీ కోడీ లాయరు లేచి, ఒక్కొక్కరినీ విడివిడిగా అడగమని కోరాడు. అదొక పాత పద్ధతి. గదిలో ఎవరు ఎవర్ని ఎంత తోసుకొచ్చినా, చివర్లో ఒక్కసారి, పక్కవాళ్ల చేయి భుజం మీద లేనప్పుడు, అందరి ముందూ ఒంటరిగా అడుగుతారు. ఒక్కరు కాదన్నా ఆ తీర్పు నిలవదు. మళ్లీ గదిలోకి పోవాల్సిందే, లేదా అందర్నీ పంపేసి కేసు మొదటి నుంచి విచారించాల్సిందే.

"ఇది మీ తీర్పేనా?"

మొదటి ముగ్గురూ ఎదుటి గోడకేసి చూస్తూ అవునన్నారు. షెల్బీ కోడీని చూసింది. అతని వెనక బల్ల మీద తల్లి వెర్నా, ఒళ్లో కొడుకు చలికోటు మడిచి పెట్టుకుని ఉంది. ఈ సాయంత్రం వాడు తొడుక్కుని ఇంటికొస్తాడన్నట్టు. వాళ్లిద్దరి తలల మీదుగా గోడ గడియారం కనిపించింది. ఐదుకి ఎంతో దూరం లేదు.

"నాలుగో నంబరు, ఇది మీ తీర్పేనా?"

"అవును," అంది షెల్బీ.

ఇంటికొచ్చేసరికి వేలన్ నేల మీద కూర్చుని పుల్ల ఐసు చీకుతున్నాడు. గడ్డమంతా ఎర్రగా ఉంది. జోలీన్ సోఫాలో కాళ్లు ముడుచుకుని టీవీ చూస్తోంది.

"ఏమే, అప్పుడే వదిలేశారా? రాత్రి దాకా ఉంచుతారేమో అనుకున్నా."

"నీకు డ్యూటీ ఉందిగా."

"మార్చుకున్నాలే. వీడి దగ్గు కూడా తగ్గిపోయింది. మధ్యాహ్నమే మెసేజ్ పెట్టా, చూసుకోలేదా?"

ఫోను షెల్బీ సంచిలోనే ఉంది. బుట్టలోంచి తీసుకుని చూడకుండానే పరిగెత్తుకొచ్చింది. కొడుకుని ఎత్తుకుని వాడి తల వాసన చూసింది. చక్కెర వాసన. వాడు బాగున్నందుకు సంతోషపడాలి కదా. కాస్త జ్వరమైనా ఉండి ఉంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు తర్వాత చాలాసేపు ఏడ్చింది.

జడ్జి కోడీకి ఏడాదిన్నర జైలు వేశారని తెలిసిన రోజు షెల్బీ కోర్టు ఆఫీసుకి ఫోన్ చేసింది. ఎత్తినావిడ ఓపిగ్గానే విన్నది.

"అమ్మా, గదిలో మీరేం అనుకున్నారో, ఎందుకనుకున్నారో తర్వాత వచ్చి చెబితే కోర్టు వినదు. వినడం మొదలెడితే ఏ తీర్పూ నిలవదు కదా."

"నేను నమ్మకుండానే అవునన్నానండీ."

"అందుకేగా విడిగా అడిగింది."

"మా బాబుకి ఒంట్లో బాగాలేదు ఆ రోజు."

ఆవిడ గొంతు తగ్గించింది. "ఒక చీటీ రాసి బంట్రోతుకిస్తే జడ్జి గారి దగ్గరికెళ్లేది. మిమ్మల్నందర్నీ ఇళ్లకి పంపి సోమవారం రమ్మనేవారేమో. ఆయనకీ మనవలున్నారు."

ఆవిడ తిట్టి ఉంటే షెల్బీ ఫోను పెట్టేసి ఊరుకునేది.

ఆకులన్నీ రాలి చలి మొదలయ్యాక, ఒక ఆదివారం చిక్కుడు గింజల పులుసు కాచి, వేలన్‌ని చంకనేసుకుని వెర్నా ఇంటికెళ్లింది. గుమ్మం పక్కన కోడీ కోసి పడేసిన దుంగలు చీల్చకుండా అలాగే ఉన్నాయి. గొడ్డలి మొద్దులో దిగి ఉంది. చీల్చిన కట్టెలు గోడవారన మోకాలెత్తు కూడా లేవు. వెర్నా వేళ్లు కీళ్లవాతంతో వంకర్లు తిరిగి ఉన్నాయి, తలుపు గడియ తీయడానికే చాలాసేపు పట్టింది.

"నేను షెల్బీనండీ..."

"తెలుసు. నాలుగో కుర్చీ."

షెల్బీ పులుసు గిన్నె ముందుకి చాపింది.

"ముందువాళ్లంతా గోడకేసి చూశారు," అంది వెర్నా. "నువ్వొక్కదానివే నా కొడుకుని చూశావు. ఈ పిల్ల కాదంటుంది అనుకున్నా. కోటు గుండీలు కూడా విప్పి పెట్టుకున్నా, వాడికి తొడగడానికి."

వేలన్ ఆవిడ వైపు చేయి చాపాడు. ఆవిడ వాడి చేయి పట్టుకోలేదు. జారిపోతున్న మేజోడు మాత్రం ఆ వంకర వేళ్లతోనే పైకి లాగి సరిచేసింది. "చలి తగలనీయకు వీడికి. గిన్నె తీసుకెళ్లిపో, మళ్లీ రాకు. నిన్ను చూస్తే ఆ రోజు మళ్లీ జరుగుతున్నట్టుంది."

"ఆ కట్టెలు మా అన్నతో చీల్పిస్తానండీ."

"నా కట్టెల సంగతి నేను చూసుకుంటా."

అన్నని అడిగితే, "ఆవిడ గుమ్మంలో ఏ మొహం పెట్టుకుని గొడ్డలెత్తను? నీ అన్ననని తెలియదా?" అన్నాడు. నిజమే, ఆ చుట్టుపక్కల ఎవరు ఎవరి తాలూకో తెలియనివాళ్లు లేరు. అందుకని షెల్బీ రోజూ పొద్దున పనికెళ్లే దారిలో, వాగు వంతెన దగ్గర బండి నెమ్మది చేసి కొండ సందులోకి చూస్తుంది. రేకుల మీంచి పొగ లేస్తుంటే ఊపిరి వదిలి ముందుకు పోతుంది. మంచు పడ్డ రోజుల్లో మాత్రం ఆమె పాత కారు వంతెన ముందున్న ఎత్తు ఎక్కదు. ఆ రోజుల్లో ఇంట్లోనే కూర్చుని, వేలన్ మేజోళ్లు పైకి లాగుతూ ఉంటుంది.

మీలో ఎవరైనా మంచులో ఆ వంతెన మీదుగా వెళ్లేవాళ్లుంటే, ఎడమ వైపు ఒక్కసారి చూడండి. రేకుల ఇంటి మీద పొగ ఉంటే మీ దారిన మీరు వెళ్లిపోండి. లేకపోతే దయచేసి బండి ఆపి, పైకెక్కి తలుపు తట్టండి. గడియ తీయడానికి ఆవిడకి సమయం పడుతుంది, వెనక్కి తిరగకుండా ఆగండి. గొడ్డలి మొద్దులోనే ఉంటుంది. షెల్బీ పంపిందని మాత్రం చెప్పకండి.