ఎదురొచ్చిన మనిషి

సుంకమ్మ నడుం వంచి, మిగిలిన చుక్కలను కూడా గీతలో కలిపేసింది. రిసార్టు వాకిట్లో పరచిన నల్ల బండల మీద ముగ్గు తెల్లగా, తడి ఆరని చోట మాత్రం బూడిద రంగుగా కనబడుతోంది. నీళ్ళ ట్యాంకరు రావడం ఆలస్యమై, బండలు కడగడం ఆలస్యమై, ఈ రోజు ముగ్గు వేసేసరికి ఎండ గుట్ట దిగి వచ్చేసింది. ఆమె పిండి డబ్బా కింద పెట్టి, రెండు చేతులూ నడుం మీద ఆనించి చూసుకుంది. రేకులు విచ్చిన పువ్వు, దాని చుట్టూ తీగ. తీగ ఒకచోట వంకరపోయింది. అక్కడ కాలి బొటనవేలితో తుడిచి మళ్ళీ వేసింది.

సన్నని మనిషి. ముంజేతుల మీద నరాలు, పీకి గట్టున వేసిన వేరుశెనగ చెట్టు వేళ్ళలా పైకి తేలి ఉంటాయి. రిసార్టు వాళ్ళు ఇచ్చిన ఆకుపచ్చ చీరను పొలంలో పని చేసే మనిషిలా చీలమండలకు పైకి కట్టుకుంటుంది. మడమల పగుళ్ళలో ముగ్గుపిండి ఎప్పుడూ ఇరుక్కునే ఉంటుంది. ఎంత రుద్దినా పోదు.

హిందూపురం నుంచి లేపాక్షి పోయే దారికి కాస్త లోపలగా, గుండ్రాళ్ళ గుట్ట కింద ఈ రిసార్టు తెరిచి ఏడాది కూడా కాలేదు. బెంగుళూరు నుంచి జనం వస్తారు, నంది దగ్గర ఫోటోలు దిగుతారు, ఇక్కడ పడుకుని పోతారు. కారు దిగగానే అందరూ ముందు ముగ్గునే ఫోటో తీసుకుంటారని వంటమనిషి సుబ్బన్న చెబితే సుంకమ్మ విన్నది. కళ్ళతో చూడలేదు. గేటు దగ్గర హారను వినబడితే చాలు, డబ్బా, చీపురు తీసుకుని వెనకాల బట్టలుతికే షెడ్డులోకి వెళ్ళిపోతుంది. వెళ్ళమని ఎవరూ చెప్పలేదు. ఆరేసిన దుప్పట్ల వెనక నిలబడి, తలుపులు వేసిన చప్పుడు, పిల్లల అరుపులు, పెట్టెల చక్రాలు బండల మీద దొర్లిన మోత వింటుంది. వచ్చినవాళ్ళు గదుల్లోకి పోయాక బయటికి వస్తుంది.

అట్లా తప్పుకోవడం ఆమెకు మొగుడు పోయినప్పటి నుంచి అలవాటు. చెన్నప్పకు శెనగచేలో పాము కరిచింది. కూతురు గంగాదేవి అప్పటికింకా పలక పట్టుకుని బడికి పోతోంది. ఆ ఎండాకాలమే బావగారి చేలో బోరు వేయడానికి లారీ వచ్చింది. వాళ్ళు టెంకాయ కొట్టే సమయానికి సుంకమ్మ గడ్డిమోపు ఎత్తుకుని, దిబ్బ మలుపు తిరిగి, సరిగ్గా లారీకి ఎదురుగా వచ్చింది. బోరు పొద్దుగూకేదాకా దిగింది. నీళ్ళు రాలేదు. తెల్లటి దుమ్ము లేచి చుట్టూ చెట్ల మీద పడింది. తోడికోడలు లక్ష్మక్క ఆ దుమ్ము చేత్తో దులుపుకుంటూ, "పోయి పోయి ఈ మనిషే రావల్లనా ఎదురు" అన్నది. గట్టిగా కూడా అనలేదు. సుంకమ్మ ఆ మాటను నమ్మింది. నీళ్ళు పడలేదు గదా మరి. కూతురి పెళ్ళిలో కూడా తలంబ్రాలయ్యేదాకా వంటల దగ్గరే ఉండిపోయింది. బెంగుళూరులో గార్మెంట్సు పనికి కూతురూ అల్లుడూ బయలుదేరిన పొద్దున, కిటికీలోంచి చూసింది.

ఈ రిసార్టు వచ్చాక ఆమెకు నీడ పట్టున పని, వేళకు అన్నం దొరికాయి. కూలికి ఎవరు పిలుస్తారా అని తెల్లవారుజామున చూసే పని లేకపోయింది. రోజూ ముగ్గు వేశాక గడప వైపు తిరిగి, ఎవరూ చూడకుండా ఒకసారి దండం పెట్టుకుంటుంది. ఇప్పుడూ పెట్టుకుని, డబ్బా తీసుకుని కదిలింది.

"సుంకమ్మక్కా, ఉండు" అంటూ మేనేజరు జయచంద్ర వచ్చాడు. చేతిలో ఫోను, మొహంలో కంగారు. "కృపాకుమారి వచ్చే బస్సు దోవలో నిలబడిపోయిందంట. మధ్యాన్నం రావాల్సినోళ్ళు ఇప్పుడే వచ్చేస్తాండారు. మలుపు కాడ ఉండారు. బొట్టు పళ్ళెం నువ్వే పట్టుకో."

వచ్చినవాళ్ళకు బొట్టు పెట్టి, మల్లెపూలిచ్చి, నన్నారి షర్బతు అందించేది కృపాకుమారి పని. చక్కగా నవ్వుతుంది ఆ పిల్ల.

"నేనా సార్?"

"నువ్వే. ఇంకెవరుండారు?"

"నేను ఎదురు రాకూడదు సార్. మీకు తెలుసు గదా."

బెంగుళూరులో చదివినా జయచంద్రదీ ఈ పక్క ఊరే. ఆయన చూపు ఆమె నుదుటి మీదికి పోయి, వెంటనే పక్కకు తిరిగింది. ఇంకెవరైనా కనబడతారేమోనని తోట వైపు చూశాడు.

షర్బతు గ్లాసులు తెచ్చిన సుబ్బన్న మధ్యలో దూరాడు. "నేను పోతాలే సార్. ఈ పొట్టకు పట్టుచీర చుట్టి, మీసానికి మల్లెపూలు పెట్టి నిలబెట్టండి. వచ్చినోళ్ళు బండి దిగకుండా బెంగుళూరికి పోయి ఆడ దిగుతారు."

"నవ్వులాటనా సుబ్బన్నా ఇది" అంది సుంకమ్మ. "అన్నం పెట్టే తావు. కొత్తది. నా వల్ల దీనికేమన్నా అయితే నేనేమని చెప్పుకోవల్ల?"

"ఏమయితాదమ్మా? దినామూ నీ ముగ్గు తొక్కుకోనే గదా అందరూ లోపలికి వస్తాండారు. ఇంతవరకు ఒక్కడన్నా కాలు జారి పడినాడా?"

అంతలో గేటు దగ్గర హారను మోగింది. ఆమె కాళ్ళు వాటంతటవే షెడ్డు వైపు తిరిగాయి. జయచంద్ర పళ్ళెం ఆమె చేతుల్లో పెట్టేశాడు. "అక్కా, ఈ ఒక్కసారికి" అన్నాడు మెల్లగా. అది ఆజ్ఞలా లేదు. అందుకే ఆమె కాదనలేకపోయింది.

కారు దుమ్ము కొట్టుకుని ఉంది. ముందుగా నలభై ఏళ్ళ మనిషి దిగాడు, ఆయన వెనక భార్య. ఆయన పేరు వీరేష్ అనీ, వజ్రకరూరు నుంచి వస్తున్నారనీ జయచంద్ర పలకరింపులో తెలిసింది. వీరేష్ భార్య ముగ్గు చూసి ఆగి, తొక్కకుండా పక్కగా నడిచింది. ముత్తయిదువకు తన చేత్తో బొట్టు పెట్టే ధైర్యం సుంకమ్మకు లేదు. పళ్ళెం ముందుకు చాచి తల దించుకుంది. వీరేష్ భార్య ఒక క్షణం చూసి, తానే వేలితో కుంకుమ తీసుకుని పెట్టుకుంది. పూలు తీసుకుంది.

అప్పుడు సుంకమ్మకు కారు అవతల ఇంకొక మనిషి కనబడింది. డెబ్భై దాటిన ముసలామె. తెల్ల పూల నేత చీర, మెడలో ఏమీ లేదు. తెరిచిన తలుపు వెనక నిలబడి, చేతి సంచిలో ఏదో వెతుకుతోంది.

"అమ్మా, రా" అని పిలిచాడు వీరేష్.

"మీరు పోతాండండి. వస్తా" అంది ఆమె, తల ఎత్తకుండా.

ఆ సంచిలో ఆమె ఏమీ వెతకడం లేదని సుంకమ్మకు తెలిసింది. బొట్టు పళ్ళెం పక్కకు పోయేదాకా అట్లా వెతుకుతూనే ఉంటుంది. తాను కూడా ఎన్ని వాకిళ్ళ ముందు, విప్పని మూటను విప్పుతున్నట్టు వంగి నిలబడిందో.

సుంకమ్మ పళ్ళెం పిట్టగోడ మీద పెట్టేసింది. గేటు పక్కన కావలి మనిషి తాగే కుండలోంచి చెంబుతో నీళ్ళు ముంచింది. కారు చుట్టూ తిరిగి నేరుగా ఆమె ముందుకు పోయి నిలబడింది.

"కాళ్ళు చాపు పెద్దమ్మా. దూరం నుంచి వచ్చినారు."

రిసార్టు మర్యాదల్లో కాళ్ళకు నీళ్ళివ్వడం లేదు. తన ఇంటికి ఎవరైనా వస్తే సుంకమ్మ చేసేది అదే, అంతకు మించి ఆమెకు తెలియదు. ముసలామె ఆశ్చర్యంగా చూసి, చెప్పులు వదిలి కాలు ముందుకు పెట్టింది. సుంకమ్మ వంగి నీళ్ళు పోసింది. ఎర్రటి దుమ్ము పాయలుగా జారి బండల మీదికి పారి, ముగ్గు తీగలో ఒక కొసను తడిపింది. ముసలామె చల్లదనానికి కళ్ళు మూసుకుంది. తర్వాత సుంకమ్మ భుజం మీద చెయ్యి వేసి, పక్కపక్కనే నడుస్తూ గడప దాటింది.

మధ్యాహ్నం సుంకమ్మ తువాళ్ళు మార్చడానికి పోయినప్పుడు ముసలామె వరండాలో రాతి అరుగు మీద కూర్చుని, తమలపాకుకు సున్నం రాసుకుంటోంది. కొడుకూ కోడలూ లోపల నిద్రపోతున్నారు.

"ఈడ కూర్చోమ్మా కొంచేపు. నీ పేరేమి?"

"సుంకమ్మ. పని ఉండాది పెద్దమ్మా."

"పని యాడికీ పోదులే. నా పేరు వెంకటలక్ష్మమ్మ. రేపు పొద్దున బెంగుళూరులో నా గుండెకాయ కోస్తారంట. లోపల ఏదో తలుపు సరిగ్గా మూసుకోలేదంట. ఆపరేషనుకు ముందు ఒకపూట సుఖంగా ఉండనీ అని నా కొడుకు ఈడికి తెచ్చినాడు. పొద్దు వాలినాక పోవల్ల."

సుంకమ్మ అరుగు చివర కూర్చుంది.

"తెల్లారి ఇంట్లో బయల్దేరేటప్పుడు మా కోడలు పక్కింటామెకు చెప్పి పెట్టింది, నిండు బిందె ఎత్తుకోని ఎదురు రమ్మని. ఆ మహాతల్లి వచ్చింది. కొళాయి రాలేదంట, వట్టి బిందె ఎత్తుకోనొచ్చింది." వెంకటలక్ష్మమ్మ చప్పుడు లేకుండా నవ్వింది. నవ్వితే ఆయాసం వచ్చి, ఆగి ఊపిరి తీసుకుంది. "మా కోడలు ఆడనే ఏడుపు మొగం పెట్టింది. నేను మాత్రం ఇంటి వెనక తలుపు నుంచి వచ్చి కార్లో కూర్చున్నా. నా ఆపరేషనుకు నేనే ఎదురు రాకూడదని."

సుంకమ్మకు కూడా నవ్వు వచ్చింది. చాలా రోజులకు వచ్చినట్టు, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మా ఊర్లో వాన పడితే జనమంతా వజ్రాల కోసమని నేల చూసుకుంటా తిరుగుతారు. నేను వాన లేకపోయినా నేలనే చూసి నడిచేదాన్ని. పొద్దున కూడా ముందు నీ పాదాలే కనపడినాయి, తెల్లగా, పిండి అంటుకోని. అప్పుడు మొగం చూసినా." కడిగిన తన పాదాలు చూసుకుంటూ అంది. "నాకెవరూ ఎదురు రాక శానా కాలమాయ తల్లీ."

సుంకమ్మ బోరు సంగతి చెప్పింది. ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి. వెంకటలక్ష్మమ్మ విని, "నేలలో నీళ్ళు లేకపోతే నువ్వేమి చేస్తావు" అంది. అంతే అంది. తర్వాత, "నేను పోయేటప్పుడు నువ్వు ఎదురు రా" అంది.

సుంకమ్మ లేచి నిలబడింది. "వద్దు పెద్దమ్మా. ఆపొద్దు పోయింది నీళ్ళు. ఇది ప్రాణం. ఏమన్నా అయితే ఆ మాట నేను మోయలేను."

"అయితే అది నా గుండెకాయ. దానికి జబ్బుండాది, నీకు లేదు. డెబ్భై ఏండ్లు వాళ్ళూ వీళ్ళూ చెప్పిన శకునాలు చూసినా. ఈ ఒక్కటి నేను కోరుకుంటా. రాకపోతే రాకపో, నేను బలవంతం చెయ్యను."

తువాళ్ళు చంకన పెట్టుకుని సుంకమ్మ వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నమంతా ఉతికిన దుప్పట్లనే మళ్ళీ జాడించింది. సుబ్బన్న అన్నం తినమని పిలిచినా పోలేదు.

ఎండ వాలింది. పెట్టెలు దొర్లిన మోత, కారు తలుపుల చప్పుడు దుప్పట్ల వెనకకు వినబడ్డాయి. ఇంజను స్టార్టయింది. సుంకమ్మ చేతులు విదిల్చి, కొంగుకు తుడుచుకుని, షెడ్డు వెనక దోవ పట్టి గేటు బయటికి పోయింది. చేతుల్లో బిందె లేదు, పళ్ళెం లేదు. మట్టి దోవ మీద ఒకసారి నిలబడి, గేటులోకి తిరిగి, వస్తున్న కారు వైపు నడవడం మొదలుపెట్టింది. తప్పుకోవడానికే అలవాటుపడిన కాళ్ళు రెండుసార్లు పక్కకు లాగాయి. దోవ మధ్యకే తెచ్చుకుంది.

కారు ఆగింది. వీరేష్ స్టీరింగు మీద చేతులు అట్లాగే పెట్టి చూశాడు. ఆయన భార్య చెయ్యి తాళిబొట్టు మీదికి పోయింది. మెట్ల మీద సుబ్బన్న నిలబడి ఉన్నాడు. వెనక సీట్లో వెంకటలక్ష్మమ్మ అద్దం దించి, తల బయటికి పెట్టి, సుంకమ్మ మొహాన్ని నేరుగా, తనివితీరా చూసింది.

"వస్తా సుంకమ్మా."

"పోయిరా పెద్దమ్మా. బాగయి ఈ దోవనే రా."

వీరేష్ చేతులు జోడించాడు. కారు కదిలి రోడ్డెక్కింది. లేచిన దుమ్ము సుంకమ్మ చీర మీద, జుట్టు మీద పడింది. ఆమె దులుపుకోలేదు. దుమ్ములోంచే చేతులెత్తి మొక్కింది. ఎవరికని అడిగితే చెప్పలేకపోయేది, రిసార్టుకో, కారులో పోతున్న మనిషికో, పోయిరమ్మని చెప్పే వంతు తనకూ ఇచ్చిన ఈ రోజుకో.

దుప్పట్లు తీయడానికి సుంకమ్మ వాళ్ళు దిగిన గదికి పోయింది. వరండాలో రాతి అరుగు మీద, తాను మధ్యాహ్నం కూర్చున్న చోటే, ఒక గాజు గ్లాసు బోర్లించి ఉంది. గాలికి ఎగిరిపోకుండా దాని కింద ఒక్కటే తమలపాకు, సున్నం రాసి, వక్క పెట్టి, చిన్నగా మడిచి, విప్పుకోకుండా లవంగం గుచ్చి పెట్టినది, ఇంకా పచ్చగానే ఉంది.