నాలుగు హద్దుల కాగితం

వీసా దరఖాస్తు తిరిగొచ్చిన రోజు హుజూరాబాద్‌లో వాన ఎట్లా కొట్టిందంటే, ముందు పోస్ట్‌మాన్ హనుమంతు సైకిల్ వాకిట్లోకి వచ్చిందట, పావుగంట తర్వాత హనుమంతు వచ్చాడట. ఇది ప్రమోదిని చెప్పిన మాట. ప్రమోదిని ఏది చెప్పినా నాలుగో వంతు నమ్మితే చాలునని బజారంతటికీ తెలుసు. మొహంలో ఒక్క గీత కదలకుండా చెబుతుంది, అదీ ఇబ్బంది.

కవరులో మాత్రం పెంచి చెప్పిందేమీ లేదు. ఆమె పంపిన దరఖాస్తే, మడత కూడా చెదరకుండా ఉంది. దానికి గుండుసూదితో గుచ్చిన చీటీ. పాత ఫారం ఇక చెల్లదు. పోస్టులో పంపితే తీసుకోరు, మద్రాసు ఆఫీసుకు మనిషే రావాలి, కిటికీ దగ్గర నిలబడి అడిగినదానికి జవాబు చెప్పాలి. ఇదివరకు సీటు వచ్చిన కాగితం, బ్యాంకు కాగితం సరిపోయేవి. ఇప్పుడు వాటికి తోడు, చదువు అయ్యాక విద్యార్థి సొంత ఊరికి తిరిగి వస్తుందని నమ్మడానికి ఆధారం చూపాలి. సెప్టెంబర్ ఎనిమిదిన, ఉదయం తొమ్మిదిన్నరకు.

ప్రమోదినికి ఇరవై మూడేళ్లు. వ్యవసాయ డిగ్రీ చదివింది. విత్తనాల శాస్త్రంలో రెండేళ్ల పైచదువుకు విదేశంలో సీటు వచ్చింది. ఆ దేశం పేరు ఇంట్లో ఎవరూ వాడరు, చలిదేశం అంటారు. దాని గురించి అందరికీ తెలిసింది అదొక్కటే. మిగతా సంగతులు ప్రమోదిని చెప్పింది. అక్కడ బర్రెలకు స్వెటర్లు తొడుగుతారని, పాలు పిండితే ఐస్‌ఫ్రూట్లు పడతాయని, పుల్లలు మాత్రం మనమే గుచ్చుకోవాలని. పక్కింటి యాదవ్వ మూడు రోజుల పాటు ఆ పుల్లల గురించే ఆలోచించింది.

సెప్టెంబర్ నెలాఖరుకు క్లాసులు మొదలు. అప్పటికి అక్కడ లేకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. మద్రాసు తారీఖుకు చేతిలో ఉన్నది పన్నెండు రోజులు.

విత్తనాల దుకాణం మూసి వచ్చిన బాపు కొండల్‌రావు ఆ చీటీని నాలుగుసార్లు చదివించుకున్నాడు.

"ఆధారం అంటే ఏందే?"

"నేను మల్లొస్తనని రుజువు, బాపూ."

"రాకుంటే యాడికి పోతవ్?"

"గదే వాళ్ల అనుమానం."

అనుమానం తీర్చడానికి కొండల్‌రావుకు తెలిసిన దారి ఒక్కటే. గట్టు తగాదా అయినా, బావి వాటా అయినా రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు రేకుల కింద కూర్చునే మహమూద్‌తో స్టాంపు కాగితం మీద రాయించడం. ముప్పై ఏళ్లుగా చుట్టుపక్కల భూములన్నీ మహమూద్ రాతలోనే చేతులు మారాయి. తెల్లారి తండ్రీకూతుళ్లు అక్కడికి పోయారు.

"రావ్‌సాబ్, అమ్మకమా, పంపకమా, బక్షీసా?" అన్నాడు మహమూద్, కలం మూత తీస్తూ.

"మూడూ కాదు. పోరి చదువుకు పోతది, మల్లొస్తది. గది రాయి."

మహమూద్ కలం మూత మళ్లీ పెట్టాడు. "అసొంటి నమూనా నా తాన లేదు."

"ఉన్నదాంట్లనే రాయి."

ఉన్నది పొలం నమూనా. పొలం ఎక్కడుందో చెప్పాలంటే దానికి నాలుగు దిక్కులా ఏముందో రాయాలి. మహమూద్ కాసేపు గడ్డం గోక్కుని, చాలా నిదానంగా, "అయితే బేటీకి హద్దులు రాద్దాం," అన్నాడు.

ప్రమోదినికి నవ్వాగలేదు. "నాకు హద్దులేంది చాచా, నేనేమన్న మడికట్టునా?"

"నవ్వకు. హద్దులు రాసిన పొలం లేసి నడిసిపోయిందని నా సర్వీసుల ఒక్క కేసు రాలే. తూర్పుకు ఏమున్నదో చెప్పు. జర నిజం చెప్పు. స్టాంపు కాగితం మీద నీ కతలు నడవయ్."

"కొమురవ్వ పొలమున్నది," అంది ప్రమోదిని. ఆ మాటకు నవ్వు దానంతటదే ఆగిపోయింది.

కొమురవ్వకు ఎకరంనర. అందులో ఆమె వేసే వరి విత్తనం ఇంకెవరి దగ్గరా లేదు. అన్నం వండితే వాసన మూడిళ్ల అవతలికి వస్తుంది. ఇది ప్రమోదిని లెక్క కాదు, ముక్కున్న ఎవరి లెక్కయినా. కానీ ఆ పైరు ఎత్తు, కాడ సన్నం. గింజ పాలు పోసుకునే వేళ ఒక్క గాలివాన చాలు, చాప పరిచినట్టు పడిపోతుంది. కొండల్‌రావు దుకాణంలో కొత్తరకం విత్తనం ఊరికే ఇస్తానన్నా కొమురవ్వ తీసుకోలేదు. "నా ఒడ్లు గట్టిగ నిలవడెటట్టు చెయ్‌రాదు బిడ్డా, గంత సదువు సదివితివి," అని ఒకసారి అడిగింది. ప్రమోదిని సరేనంది. ఊళ్లో ఆమె చెప్పిన మాటను పూర్తిగా నమ్మినది ఒక్క కొమురవ్వే. అది గుర్తొచ్చినప్పుడల్లా ప్రమోదినికి ఈ పైచదువు తప్ప వేరే దారి కనిపించదు.

సంగతి తెలిసి యాదవ్వ పరుగున వచ్చింది. పడమటి హద్దు తన బర్రెదే అని కూర్చుంది. ఎందుకంటే ఆ బర్రె, పక్కన ప్రమోదిని నిలబడితే గానీ పాలు చేపదు.

"గది రాస్తే మద్రాసోళ్లు ఎల్లగొడ్తరు," అంది ప్రమోదిని.

"అవద్దమా ఏంది? నిజమా కాదా చెప్పు!"

నిజమే. దూడగా ఉన్నప్పుడు తల్లి చనిపోతే ప్రమోదినే సీసాతో పాలు పట్టింది. అప్పటి నుంచీ దానికి ఆ అలవాటు. ఇన్నేళ్లుగా ఎన్నో కట్టుకథలు చెప్పిన ప్రమోదిని విషయంలో, ఎవరూ నమ్మనంత వింత సంగతి ఇదొక్కటే నిజం కావడం ఆమె దురదృష్టం.

ఉత్తరానికి మహమూద్ తన ఇల్లు రాసుకున్నాడు, ఎవరినీ అడగలేదు. అతని భార్య బిల్కీస్‌కూ ప్రమోదినికీ శుక్రవారం మొదలైన పచ్చీసు గవ్వలాట ఇంకా తెగలేదు. బిల్కీస్ ఆ గడుల గుడ్డను ఎత్తకుండా, కాయలు కదలకుండా పైన గంప బోర్లించి ఉంచింది. పిల్లి, కోడి, మహమూద్, ముగ్గురికీ ఆ గంప దగ్గరికి పోవద్దని హుకుం.

మధ్యాహ్నం సద్ది తెచ్చిన ప్రమోదిని తల్లి సరళాదేవిని దక్షిణం సంగతి అడిగారు. ఆమె టిఫిన్ మూత తీస్తూ, "దక్షిణం అవ్వ ఉన్నదని రాయి. సాలు," అంది.

సాక్షులు ఐదుగురు చాలు. కానీ యాదవ్వ వేలిముద్ర వేశాక ఆమె ఆడబిడ్డ ఊరుకోలేదు, ఆడబిడ్డ వేశాక వియ్యపురాలు ఊరుకోలేదు. సాయంత్రానికి ఇంకు డబ్బా ఎండిపోయింది. కాగితం వెనుకవైపు అంతా వేలిముద్రలే. చివరగా వచ్చిన లచ్చయ్య చోటు లేక, వేసిన ముద్ర మీదే తన వేలు నొక్కి, "నాది పైనున్నది, జర గుర్తు పెట్టుకోండ్రి," అని చెప్పిపోయాడు.

*

మద్రాసు రైల్లో కొండల్‌రావు రాత్రంతా ఒకటే మాట. "ఆడ మాత్రం పెంచి చెప్పకు బిడ్డా. నీకు దండం పెడ్త."

"చెప్ప బాపూ."

"స్వెటర్లు, బర్రెలు వద్దు."

"వద్దు."

ప్రమోదిని ఆ స్టాంపు కాగితాన్ని ఫైల్లో అన్నిటికన్నా అడుగున పెట్టింది. అడిగితే చెప్పడానికి చక్కటి జవాబు ఒకటి కంఠతా పట్టింది. మాతృదేశానికి సేవ చేయాలనే సంకల్పం, అంటూ మొదలై పెద్ద పెద్ద మాటలతో ఒక నిమిషం నడుస్తుంది.

ఆఫీసులో వరస పొడుగ్గా ఉంది. లోపలికి కొండల్‌రావును రానివ్వలేదు. గేటు దగ్గర కూతురికి ఫైలు అందిస్తూ ఆయన కాగితాలు ఒకసారి సర్దాడు. స్టాంపు వేసిన కాగితం అడుగున ఉండటం చూసి ఆయనకు ప్రాణం ఒప్పలేదు. తీసి అన్నిటికన్నా పైన పెట్టాడు.

కిటికీ వెనక నెరిసిన జుట్టు విదేశీ ఆఫీసరమ్మ కూర్చుని ఉంది. పక్కన నెల్లూరు వైపు గుమస్తా. ప్రమోదిని ముందున్న అబ్బాయిని ఆమె, ఎందుకు తిరిగొస్తావని అడిగింది. మాతృదేశానికి సేవ చేయాలనే సంకల్పం, అన్నాడతను. అతని ముందున్నవాడూ అదే చెప్పాడు, వాడి ముందున్నదీ అదే చెప్పింది. ఆఫీసరమ్మ ముగ్గురివీ కాగితాలు వెనక్కి నెట్టింది. ప్రమోదిని దగ్గరున్న ఒక్క జవాబూ ఆమె కళ్ల ముందే మూడుసార్లు పోయింది.

ఆఫీసరమ్మ ప్రమోదిని ఫైలు తెరవగానే పైన స్టాంపు కాగితం. అది బాపు పనేనని ప్రమోదినికి తెలిసిపోయింది. ఆఫీసరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది, వెనుక వేలిముద్రలు చూసి కళ్లద్దాలు పెట్టుకుంది, గుమస్తాకు ఇచ్చింది. అతను ముందు మనసులో చదువుకున్నాడు. భుజాలు కదలడం మొదలైంది. గొంతు సవరించుకుని, ఒక్కో ముక్క చదువుతూ ఇంగ్లీషులో చెప్పాడు.

"ఈ పిల్లకు తూర్పు, కొమురవ్వ ఎకరంనర పొలము. అందలి వరి ఏటేటా పడిపోవుచున్నది. దానిని నిలబెట్టు విద్య నేర్చి తెచ్చెదనని ఈ పిల్ల మాట ఇచ్చియున్నది. పడమర, యాదవ్వ బర్రె. ఈ పిల్ల పక్కన లేనిచో పాలు చేపదు. ఉత్తరము, బిల్కీస్ గారి ఇంట ఆగియున్న పచ్చీసు ఆట. దక్షిణము..." గుమస్తా కొంచెం ఆగాడు. "దక్షిణము, తల్లి ఉన్నది."

"బర్రె సంగతి నిజమేనా?" అంది ఆఫీసరమ్మ ఇంగ్లీషులో.

కట్టుకథ చెప్పేటప్పుడు ఎన్నడూ కదలని ప్రమోదిని మొహం నిజం చెప్పాల్సి వచ్చేసరికి ఎర్రబడింది, పెదవి వణికింది. "నిజమే," అంది.

"మరి మీరు వెళితే?"

"నా పాత ఓణీ యాదవ్వకు ఇచ్చి పోతున్నాను. పాలు పిండేటప్పుడు భుజాన వేసుకొమ్మన్నాను. రెండేళ్లూ ఉతకొద్దని చెప్పాను."

గుమస్తా మొహానికి ఫైలు అడ్డం పెట్టుకున్నాడు. ఆఫీసరమ్మ నవ్వలేదు. "ఈ వరి ఎందుకు పడిపోతుంది?" అని అడిగింది.

అక్కడ ప్రమోదినికి కంఠతా పట్టినదంతా గుర్తు లేకుండా పోయింది. కాడలో రెండో కణుపు దగ్గర ఎట్లా వంగుతుందో చేతి వేళ్లతో చూపించింది. వేరే పొట్టిరకంతో కలిపితే నిలబడుతుంది కానీ వాసన పోవచ్చని, పోకుండా చేయడమే తను నేర్చుకోవాల్సిందని చెప్పింది. చేయగలనో లేదో తెలియదు, అని కూడా చెప్పింది. తెలియదు అనే మాట ఆమె నోట విని ఉంటే హుజూరాబాద్ బజారు ఆ రోజు దుకాణాలు మూసేది. మనిషికి మూడు నిమిషాలని గోడ మీద రాసి ఉంది. వరి పదకొండు నిమిషాలు తీసుకుంది.

"చివరి ప్రశ్న," అంది ఆఫీసరమ్మ, ముద్ర చేతిలోకి తీసుకుంటూ. "ఆ ఆటలో ఎవరు గెలుస్తున్నారు?"

నేనే, అనే మాట ప్రమోదిని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. "బిల్కీస్ చాచీ. నావి మూడు కాయలు ఇంకా పండలేదు."

ముద్ర పడింది.

"సాయంత్రం నాలుగింటికి వచ్చి పాస్‌పోర్టు తీసుకోండమ్మా," అన్నాడు గుమస్తా తెలుగులో. "ఈ స్టాంపు కాగితం మాత్రం ఇవ్వం. కొత్త రూల్ కింద నమూనాగా ఫైల్లో పెట్టమంటున్నారు మేడం."

*

ఇంటికి వచ్చాక ప్రమోదిని జరిగింది జరిగినట్టు చెప్పింది. అరుగు మీద ఇరవై మంది విన్నారు. అలవాటు ప్రకారం నాలుగో వంతు నమ్మారు.

"వీసా అచ్చింది, గది నిజం," అంది యాదవ్వ. "నా బర్రె గురించి ఆ దొరసాని అడిగిందంటవా? నన్ను పిచ్చిదాన్ని చెయ్యకు."

"ఒట్టు, యాదవ్వా! బాపును అడుగు!"

"నేను గేటు బయటున్న," అన్నాడు కొండల్‌రావు, చాలా నిజాయితీగా.

మహమూద్ ఒక్కడే మొత్తం నమ్మాడు, తన రాత మీద నమ్మకం కొద్దీ. ఆ నెల గడవకముందే చొప్పదండి నుంచి ఒక పిల్ల, మెట్‌పల్లి నుంచి ఇద్దరు పిల్లలు బాపులను వెంటబెట్టుకుని హద్దులు రాయించుకోవడానికి వచ్చారు. ఇప్పుడు అతను కలం తీస్తూ, "అమ్మకమా, పంపకమా, బక్షీసా, సదువా?" అని అడుగుతున్నాడు.

బయలుదేరే రోజు పొద్దున ప్రమోదిని కొమురవ్వ దగ్గరికి పోయింది. కొమురవ్వ గుప్పెడు ఒడ్లు గుడ్డలో మూటగట్టి చేతిలో పెట్టబోయింది.

"ఇప్పుడొద్దు అవ్వా. విత్తనం తీస్కపోను అక్కడి పర్మిషన్ కాగితం వేరే కావాలె. అది రాంగనే పోస్టుల తెప్పించుకుంట."

"గదానికి గూడ మహమూద్ హద్దులు రాయాల్నా?" అంది కొమురవ్వ.

అక్కడి నుంచి బిల్కీస్ ఇంటికి పోయింది. బిల్కీస్ వంటింట్లో దారికి రొట్టెలు కడుతోంది. గంప మీద ఈసారి పెద్ద రాయి కూడా ఉంది. ప్రమోదిని రాయి చప్పుడు కాకుండా తీసి, గంప ఒక పక్కకు లేపి, తన కాయను మూడు గడులు ముందుకు జరిపింది. మొహంలో ఒక్క గీత కదలలేదు. గంప దించింది, రాయి పెట్టింది.

"మూడు గడులు ఎనక్కి పెట్టు బేటీ," అంది బిల్కీస్ లోపలి నుంచే. "రెండేండ్లు ఉన్నయ్, తొందరేంది? వచ్చి గవ్వలేసి జరుపు."

ప్రమోదిని మళ్లీ రాయి తీసింది.