ఎడమచేతి చదువు

సంతోష్‌నగర్‌లో శ్రీహరిరావు నడిపే వృద్ధాశ్రమానికి ఎవరొచ్చినా, ఆయన ముందుగా చూపించేది ముసలమ్మలను కాదు, గోడమీది పటాన్ని. అది వయోజన విద్య వాళ్లిచ్చిన మెప్పు పత్రం. ఆశ్రమంలోని ఇరవై మంది వృద్ధ స్త్రీలూ ఆరు నెలల్లో చదవడం, రాయడం నేర్చుకున్నారని అందులో ఉంది. నేర్పినవాడు శ్రీహరిరావు అల్లుడు. ఆ అల్లుణ్ణి ముసలమ్మలు ఒకే ఒక్కసారి చూశారు, ఫోటో తీసిన రోజున. ఆ పూట పంచిన పలకలు సాయంత్రానికి మళ్లీ బీరువాలోకి వెళ్లిపోయాయి.

ఒక పలక మాత్రం వెళ్లలేదు. అది సక్కుబాయి పరుపు కింద ఉంది. "ఇచ్చింది మళ్ల గుంజుకునుడేంది?" అని ఆమె పట్టుదల.

సక్కుబాయిది గౌలిపుర. నలభై ఏళ్లు బర్రెల పాలు పిండిన మనిషి. పిల్లలు లేరు. మొగుడు పోయాక మోకాళ్లూ పోయాయి, బర్రెల దగ్గర కూర్చోలేకపోయింది. మరిది కొడుకు దుర్గయ్య తెచ్చి ఇక్కడ చేర్పించాడు.

పక్క మంచం కామేశ్వరమ్మది. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడే ముప్పై ఏళ్లు పంతులమ్మగా పనిచేసింది. ఇప్పుడు మతిమరుపు. మిగతా వేళల్లో శాంతంగానే ఉండేది కానీ, పదింటికి వీధి చివర బడిగంట మోగితే చాలు, గొడుగు చంకన పెట్టుకుని గేటు వైపు నడిచేది. "హాజరు వెయ్యాలమ్మా, పిల్లలు అల్లరి చేస్తుంటారు" అనేది. రెండుసార్లు రోడ్డెక్కింది కూడా. ఆ తర్వాత ఆయా ఆండాలు పొద్దున్నే ఆమె కుడిచేతిని మంచం కోడుకు కట్టేయడం మొదలుపెట్టింది. సాయంత్రం విప్పేది. కొన్నాళ్లకు విప్పడం మరిచిపోసాగింది.

కట్టింది దూడను కట్టే తలుగుతో. ఆ తాడును సక్కుబాయి చూడగానే పోల్చుకుంది.

"ఏంది ఆండాలూ, గింత బిగిస్తవా? బర్రెను గిట్ల కడితే మా ఆయన నన్ను ఇంట్లకెళ్లి ఎల్లగొడుతుండె."

"నాదేమున్నదవ్వా, సారు చెప్పిండు."

సారునే అడిగింది. శ్రీహరిరావు ఓపికగా వివరించాడు. "ఆవిడ క్షేమం కోసమేనమ్మా. రేపు ఏ లారీయో గుద్దితే బాధ్యత ఎవరిది?"

"గేటుకు గొళ్లెం పెడితే అయిపాయె కద సారూ?"

"గేటు మూసేస్తే చూసినవాళ్లు ఇది జైలనుకోరూ?"

ఎడమచేత్తో అన్నం తినాల్సి వచ్చినందుకు కామేశ్వరమ్మ కంచం ముందు కూర్చుని ఏడ్చేది. సక్కుబాయి ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. ఒకరోజు ఎంతకీ నోరు తెరవకపోతే, ఏం చెయ్యాలో తోచక, పరుపు కింది పలక తీసి ఒళ్లో పెట్టింది. కామేశ్వరమ్మ ఏడుపు ఆపింది. విడిగా ఉన్న చేత్తో బలపం అందుకుని వంకరగా 'అ' రాసి, "ఊఁ, దిద్దు" అంది.

సక్కుబాయి దిద్దింది. ఆ రోజు మొదలు, దిద్దితేనే అన్నం. దసరాకు మొదలైన చదువు ఉగాదికి వాక్యాల దాకా వచ్చింది. తాడు కింద చర్మం లేచి పుండైంది కూడా ఉగాది నాటికే.

అప్పుడు సక్కుబాయి తన జీవితంలో మొదటి కాగితం రాసింది. "కామేశ్వరమ్మను కట్టేసిండ్రు. చెయ్యి పుండయింది. ఇప్పియ్యున్రి. సక్కుబాయి." చూడ్డానికొచ్చిన దుర్గయ్య చేతిలో పెట్టి, "నువ్వు పాలు పోసే లాల్‌దర్వాజా వకీలుకియ్యి" అంది.

"కేసు ఓడిపోతే నిన్ను బయటికి నూకుతరు పెద్దమ్మా."

"నూకనీ. నీ కొట్టంల జాగ లేదా ఏంది?"

వకీలు వీరరాఘవరావు ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, కేసు వేశాడు. కోర్టు పంపిన మనిషి ఆశ్రమానికి వచ్చిన రోజున కామేశ్వరమ్మ చేతికి తలుగు లేదు, తెల్లటి కట్టు ఉంది, తలలో పువ్వు ఉంది. అతను వెళ్లిన మర్నాడు తలుగు మళ్లీ వచ్చింది.

వాయిదా నాడు శ్రీహరిరావు వకీలు లేచి ఒక పత్రం దాఖలు చేశాడు. మేమిక్కడ సుఖంగా ఉన్నామని మిగతా పద్దెనిమిది మందీ వేలిముద్రలు వేసిన పత్రం. "వీళ్లంతా నిశానీలండీ. ఈ సక్కుబాయికి ఓనమాలు రావు. ఆ అర్జీ ఎవరో రాసి పెట్టిందే" అన్నాడు.

వీరరాఘవరావు ఆశ్రమం గోడమీది మెప్పు పత్రం నకలు తీసి బల్లమీద పెట్టాడు.

మేజిస్ట్రేటు చదివాడు. "శ్రీహరిరావుగారూ, ఇరవై మందికీ చదువొచ్చిందని రాసిచ్చింది మీరేనా?"

శ్రీహరిరావు తన వకీలు వంక చూశాడు, మెప్పు పత్రం వంక చూశాడు. పరువు పత్రంలోనే ఉందనిపించింది. "అవునండీ. సక్కుబాయికి బ్రహ్మాండంగా వచ్చు. మా అల్లుడే నేర్పాడు. మా వకీలుగారు పొరబడ్డారు."

ఆయన వకీలు మెల్లగా కూర్చున్నాడు.

"అయితే ఒక ముక్క రాయమ్మా" అని మేజిస్ట్రేటు కలం ఇప్పించాడు. సక్కుబాయి ఎడమచేత్తో కలం పట్టి, నాలుక బయటపెట్టి, అర్జీలోని మొదటి వాక్యమే మళ్లీ రాసింది. అక్షరాలు బర్రె కొమ్ముల్లా అటూ ఇటూ తిరిగాయి కానీ, అర్జీలోనూ అవే కొమ్ములు.

"నీది ఎడమచేతి వాటమా?"

"కాదు సారూ. తినుడు, పాలు పిండుడు అంత కుడిచెయ్యే."

"మరి రాత?"

"రాసుడు ఎడమచేత్తోనే కద?" హాల్లో నవ్వారు. సక్కుబాయి చుట్టూ చూసింది. గుమస్తా కుడిచేత్తో రాస్తున్నాడు. వకీళ్ల చేతులూ అంతే. ఆమెకు సిగ్గేసింది. "నాకేమెరుక సారూ. కుడిచెయ్యి కూటికి, ఎడమచెయ్యి సదువుకనుకున్న. మా పంతులమ్మ గట్లనే రాసి చూపెట్టింది. ఆమె కుడిచెయ్యి మంచానికుండె కద."

మేజిస్ట్రేటు శ్రీహరిరావు వైపు తిరిగి, "మీ అల్లుడిది ఏ చేతివాటం?" అని అడిగాడు.

మనిషిని మంచానికి కట్టినందుకు రెండు వందల రూపాయల జరిమానా పడింది. ఇక ఎవర్నీ కట్టకూడదని ఉత్తర్వు వచ్చింది. శ్రీహరిరావు జరిమానా కట్టి హాయిగా ఇంటికి వెళ్లాడు. కానీ ఆ మెప్పు పత్రం అబద్ధమని తేలేసరికి వారంలో వయోజన విద్య వాళ్ల జీపులు రెండొచ్చాయి. కామేశ్వరమ్మ పుండును చూడ్డానికి ఎన్నడూ రాని జీపులు. ఆశ్రమం వేరే కమిటీ చేతికి పోయింది, పటం గోడ దిగింది. చదువు చెప్పిన వాళ్లెవరని ఆఫీసరు అడిగితే సక్కుబాయి పక్క మంచం చూపించింది. "ఆవిడ పేరు మా పంతుళ్ల జాబితాలో లేదమ్మా" అని ఆయన రాసుకోలేదు.

అన్నిటికంటే చిత్రం కామేశ్వరమ్మది. తీర్పు రోజునే ఆండాలు తలుగు విప్పి పారేసింది. కామేశ్వరమ్మ చెయ్యి మాత్రం మంచం కోడు దగ్గరే ఉండిపోయింది. బడిగంట మోగినా లేవలేదు.

"ఇప్పిన్రు పంతులమ్మా, లెవ్వు."

లేవలేదు. ఏడాది కట్టేసిన బర్రె తాడు విప్పినా గుంజ దగ్గరే నిలబడుతుందని సక్కుబాయికి తెలుసు. దాన్ని లాగకూడదు. ముందు గడ్డి చూపించాలి.

ఆమె ఎదురుగా, నాలుగడుగుల దూరంలో కూర్చుని, పలక తీసి, రాత వచ్చిన చేత్తోనే రాయడం మొదలుపెట్టింది.

కామేశ్వరమ్మ కాసేపు చూసింది. ముఖం చిట్లించింది. "ఏమే, బుద్ధి లేదూ? ఎడమచేత్తోనా రాసేది? ఎవరే నీకు చదువు చెప్పింది?"

"ఎవరో చెప్పిండ్రు తియ్."

"సిగ్గులేని మనిషెవరో!" అంటూ కామేశ్వరమ్మ మంచం దిగి, నాలుగడుగులు నడిచి వచ్చి, బలపం లాక్కుని సక్కుబాయి కుడిచేతిలో పెట్టింది. మచ్చపడిన తన కుడిచేతిని దాని మీద వేసి, గట్టిగా పట్టుకుంది.

"మొదట్నుంచీ దిద్దు. అ..."